ఇల్లు మోసే బండి: ట్రక్ కేంపర్‌కి పికప్ ఎలా ఎంచుకోవాలి?

1960 సెప్టెంబరులో అమెరికన్ రచయిత జాన్ స్టైన్‌బెక్, తన పూడుల్ కుక్క చార్లీని పక్కన కూర్చోబెట్టుకుని, న్యూయార్క్ రాష్ట్రంలోని సాగ్ హార్బర్ నుంచి దేశం చుట్టి రావడానికి బయల్దేరాడు. ఆయన బండి ఒక జీఎంసీ పికప్ ట్రక్కు. దాని వెనక తొట్టిలో మంచం, పొయ్యి, బల్ల ఉన్న ఒక చిన్న గది. డాన్ క్విక్సోట్ గుర్రం పేరే ఆ బండికి పెట్టాడు: రోసినాంటె. ఆ ప్రయాణం మీద రాసిన ‘ట్రావెల్స్ విత్ చార్లీ’ 1962లో వచ్చింది. అదే ఏడాది ఆయనకి నోబెల్ కూడా వచ్చింది. ఆ బండి ఇప్పటికీ కాలిఫోర్నియాలోని సలీనాస్‌లో, నేషనల్ స్టైన్‌బెక్ సెంటర్‌లో ఉంది.

లిటరరీ క్లబ్ వాళ్లకి ఆ పుస్తకంలో నచ్చేవి చాలా ఉంటాయి. నన్ను పట్టుకున్నది మాత్రం బరువు. ఎప్పుడో చదవాలని పక్కన పెట్టిన పుస్తకాలే దాదాపు 150 పౌన్లు ఎక్కించాడట ఆయన! సామాను అవసరానికి మించి ఎక్కువైపోయిందని తనే రాసుకున్నాడు. ఒరెగాన్‌లో ఒక వాన ఆదివారం వెనక టైరు పేలిపోయింది. సాహిత్యంలో అదొక మంచి ఘట్టం. ఇంజినీరింగ్‌లో మాత్రం అదొక ప్రశ్న: ఆ బండి ఎంత మోయగలదు, దాని మీద ఎంత ఉంది?

ఈ ప్రశ్న ఇప్పుడు మా ఇంట్లోకి కూడా వచ్చింది. మా బాబాయ్ వాళ్లు డెన్వర్ దగ్గర ఉంటారు. ఈ వేసవిలో నాన్నమ్మ మొదటిసారి అమెరికా వెళ్తోంది. ఆవిడని తీసుకుని కొండలూ పార్కులూ తిరగడానికి బాబాయ్ ఒక ట్రక్ కేంపర్ కొందామనుకున్నాడు. “నువ్వు కంప్యూటర్స్ కదరా, ఒక ఎక్సెల్ షీటు చేసి పెట్టు, నా ట్రక్కు సరిపోతుందో లేదో చూద్దాం” అన్నాడు. ఆ షీటు చేస్తూ నేర్చుకున్నదే ఈ పాఠం. మనలో చాలామంది రేపు ఎంఎస్‌కి అక్కడికే వెళ్తారు కాబట్టి పనికొస్తుంది. వెళ్లనివాళ్లకి కూడా, ఒక బండి లోడు లెక్క ఎలా వేయాలో తెలుస్తుంది.

1. అసలు ట్రక్ కేంపర్ అంటే ఏమిటి?

కారవాన్‌ని కారు వెనక కట్టి లాగుతారు. మోటార్‌హోమ్‌లో ఇల్లూ ఇంజినూ ఒకటే. ట్రక్ కేంపర్ ఈ రెండూ కాదు. పికప్ వెనక తొట్టిలోకి, అంటే బెడ్‌లోకి, సొరుగులా జరిపి బిగించే గది ఇది. అందుకే స్లైడ్-ఇన్ కేంపర్ అంటారు. గది నాలుగు మూలలా జాకీలు ఉంటాయి. వాటి మీద గదిని పైకి లేపి, కింద ఖాళీలోకి ట్రక్కుని రివర్స్‌లో మెల్లగా పోనిచ్చి, గదిని బెడ్‌లోకి దింపుతారు. మంచం భాగం డ్రైవర్ క్యాబిన్ పైకప్పు మీదుగా ముందుకి చొచ్చుకుని ఉంటుంది. ట్రిప్పు అయ్యాక గదిని ఇంటి దగ్గర దింపేసి ట్రక్కుని మామూలుగా వాడుకోవచ్చు.

గోడలు గట్టిగా ఉండే రకం ఒకటి, ఆగినప్పుడు పైకప్పు లేపుకునే పాప్-అప్ రకం ఒకటి. రెండోది తేలిక. కొన్నిటికి పక్క గోడ బయటికి జరిగి గది పెద్దదయ్యే స్లైడ్‌ఔట్ కూడా ఉంటుంది. సౌకర్యమే, కానీ బరువు బాగా పెరుగుతుంది.

2. లాగడం వేరు, మోయడం వేరు

ట్రక్కు ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో ఉండేది టోయింగ్ నంబరు. పది వేల పౌన్లు లాగుతుంది, పదమూడు వేలు లాగుతుంది అని. అది చూసి “నాలుగు వేల పౌన్ల కేంపర్ ఒక లెక్కా” అనుకోవడం చాలా సహజం. బాబాయ్‌కి ట్రక్కు అమ్మిన సేల్స్‌మన్ కూడా ఇదే మాట చెప్పాడట.

కానీ ట్రైలర్ బరువులో ఎక్కువ భాగం దాని సొంత చక్రాల మీదే ఉంటుంది. ట్రక్కు దాన్ని లాగుతుంది, అంతే. కేంపర్‌కి చక్రాలు లేవు. దాని బరువంతా ట్రక్కు స్ప్రింగులు, ఇరుసు, టైర్ల మీదే. ఒక ఎద్దు బండెడు ధాన్యాన్ని లాగగలదు కదా అని ఆ ధాన్యమంతా దాని వీపు మీద వేస్తామా? కాబట్టి మనకి కావాల్సింది పేలోడ్, అంటే మోయగలిగే బరువు. ఇంజిన్ హార్స్‌పవర్ ఈ లెక్కలోకి రానే రాదు.

3. డ్రైవర్ తలుపు దగ్గర ఏముంది?

అమెరికాలో ట్రక్కు డ్రైవర్ తలుపు తీస్తే, తలుపు చట్రం మీద రెండు స్టిక్కర్లు కనిపిస్తాయి. మన లారీల మీద ఖాళీ బరువు, లోడు బరువు పెయింటుతో రాసి ఉంటాయి చూడండి, అలాంటివే.

ఒక స్టిక్కరు టైర్ల గురించి. మనుషులూ సామానూ కలిపి ఇన్ని కిలోలు, ఇన్ని పౌన్లు దాటకూడదు అని అందులో ఉంటుంది. అదే ఆ ఫలానా ట్రక్కు పేలోడ్. ఈ మాట గుర్తుపెట్టుకోవాలి: ఆ మోడల్‌ది కాదు, ఆ ఒక్క బండిది. బ్రోచర్‌లో ఉండే గరిష్ఠ పేలోడ్ ఏ అదనపు హంగూ లేని, చిన్న క్యాబిన్ ఉన్న బండికి వర్తిస్తుంది. నాలుగు తలుపుల క్యాబిన్, ఫోర్ వీల్ డ్రైవ్, సన్‌రూఫ్, లెదర్ సీట్లు, డీజిల్ ఇంజిన్... ఇలా ఒక్కోటీ చేర్చిన కొద్దీ బండి సొంత బరువు పెరిగి పేలోడ్ తగ్గుతుంది. ఒకే మోడల్‌లో ఖరీదైన బండి చవక బండి కన్నా తక్కువ మోయడం మామూలే.

రెండో స్టిక్కరులో జీవీడబ్ల్యూఆర్ ఉంటుంది. బండి, ఇంధనం, మనుషులు, లోడు అన్నీ కలిపి దాటకూడని మొత్తం అది. దాని పక్కనే ముందు ఇరుసుకి, వెనక ఇరుసుకి విడివిడిగా జీఏడబ్ల్యూఆర్ ఉంటుంది. మొత్తం హద్దులోనే ఉన్నా ఒక ఇరుసు హద్దు దాటి ఉండొచ్చు. అందుకే మూడూ చూడాలి.

మూడో కాగితం ఒకటుంది, దీని గురించి చాలామందికి తెలియదు. అమెరికా ఫెడరల్ నియమాల్లో 49వ టైటిల్‌లోని 575.103 సెక్షన్ పూర్తిగా ట్రక్ కేంపర్ లోడింగ్ గురించే. దాని ప్రకారం, కేంపర్ మోయడానికి వీలున్న ట్రక్కు తయారుచేసే కంపెనీ కార్గో వెయిట్ రేటింగ్‌నీ, ఆ బరువు గురుత్వ కేంద్రం బెడ్‌లో ఎక్కడి నుంచి ఎక్కడి లోపు ఉండాలో కూడా కొనేవారికి చెప్పాలి. ఈ రేటింగ్‌లో ప్రతి సీటుకీ 150 పౌన్ల మనిషి బరువు ముందే తీసేసి ఉంటుంది. ఐదు సీట్లంటే 750 పౌన్లు. స్టిక్కరు నంబరుకీ ఈ నంబరుకీ తేడా ఎందుకొచ్చిందని బాబాయ్ అడిగాడు. కారణం ఇదే. కొన్ని కంపెనీలైతే చిన్న ట్రక్కుల మాన్యువల్‌లో అసలు కేంపరే పెట్టొద్దని రాస్తాయి. అప్పుడు ఇక లెక్కే అక్కర్లేదు.

4. కేంపర్ పొడి బరువు, తడి బరువు

ముందు బండి కొని దానికి సరిపోయే కేంపర్ వెతకడం అందరూ చేసే పని. లెక్క మాత్రం కేంపర్ దగ్గర మొదలవ్వాలి.

బ్రోచర్‌లో ఉండేది డ్రై వెయిట్. నీళ్లు లేవు, గ్యాస్ లేదు, బట్టల్లేవు, మనుషుల్లేరు. అలాంటి ఇంట్లో ఎవరూ ఉండరు కదా. బాబాయ్‌కి నచ్చిన మోడల్ స్లైడ్‌ఔట్ ఉన్నది. ఆ లెక్క ఇలా వచ్చింది (అన్నీ పౌన్లలో, చదవడానికి వీలుగా గుండ్రం చేశాను. ఒక పౌను అంటే 0.4536 కిలో):

పొడి బరువు: 2,600
ఏసీ, ఆనింగ్, రెండో బ్యాటరీ లాంటి అదనపు హంగులు: 250
మంచినీళ్ల ట్యాంకు, 30 గ్యాలన్లు: 250
వాటర్ హీటర్‌లో నీళ్లు, 6 గ్యాలన్లు: 50
రెండు గ్యాస్ సిలిండర్లు, గ్యాస్‌తో సహా: 75
బిగించే కొక్కేలు, గొలుసులు: 100
బట్టలు, గిన్నెలు, తిండి, కుర్చీలు: 400
కేంపర్ మొత్తం: 3,725

ఒక అమెరికన్ గ్యాలన్ నీళ్లు 8.34 పౌన్లు. నీళ్లు వాడేస్తే బరువు తగ్గుతుందని అనుకోకండి. సింకులోంచి పోయిన నీళ్లు కేంపర్ కిందే ఉన్న మురికినీళ్ల ట్యాంకులో చేరతాయి. బరువు చోటు మారుతుందంతే, బండి దిగదు.

ఇక మనుషులు. బాబాయ్ 170, పిన్ని 140, పిల్లలిద్దరూ కలిపి 160. మొత్తం 470. నాన్నమ్మ 130. “నా బరువు కూడా లెక్కేస్తార్రా, నేనేమన్నా బస్తానా” అని నాన్నమ్మ ఫోన్లో నవ్వింది. వేయాల్సిందే. స్టిక్కరు నంబరులో మనుషులూ ఉంటారు.

3,725 + 470 + 130 = 4,325 పౌన్లు. మన లెక్కలో దాదాపు 1,960 కిలోలు, అంటే 39 సిమెంటు బస్తాలు. కేంపర్ పొడి బరువు కన్నా ఇది 1,725 పౌన్లు ఎక్కువ. బ్రోచర్‌కీ రోడ్డుకీ మధ్య ఉన్న దూరం అది.

5. అర టన్ను, ముప్పావు టన్ను, ఒక టన్ను

అమెరికన్ పికప్‌లకి మూడు తరగతులు. ఎఫ్-150, రామ్ 1500, సిల్వరాడో 1500 లాంటివి హాఫ్-టన్. ఎఫ్-250, రామ్ 2500 లాంటివి త్రీ-క్వార్టర్-టన్. ఎఫ్-350, రామ్ 3500 లాంటివి వన్-టన్. అక్కడి టన్ను 2,000 పౌన్లు, అంటే 907 కిలోలే. ఒకప్పుడు ఈ పేర్లు నిజంగానే మోసే బరువుని చెప్పేవి. ఇప్పుడవి పేర్లు మాత్రమే, అసలు పేలోడ్‌లు వాటికన్నా ఎక్కువ. స్టైన్‌బెక్ కూడా తనకి ముప్పావు టన్ను ట్రక్కు కావాలని అడిగానని రాశాడు.

బాబాయ్ దగ్గరున్నది హాఫ్-టన్. స్టిక్కరు మీద 1,540 పౌన్లు. ఆయనకి నచ్చిన కేంపర్ పొడి బరువే 2,600. ఇక్కడే కథ అయిపోయింది. సరే, తేలికైన పాప్-అప్ పెడితే? పొడి బరువు 1,100, హంగులు 150, 20 గ్యాలన్ల నీళ్లు 167, ఒక సిలిండర్ 37, బిగింపులు 60, సామాను 250, నాన్నమ్మ కాక నలుగురు 470. మొత్తం 2,234. ఇది కూడా 694 పౌన్లు ఎక్కువే. హాఫ్-టన్ కోసమే తయారైన కేంపర్లు ఉన్నమాట నిజమే. కానీ ఎక్కువ పేలోడ్ ఉండేలా కొన్న బండిలో, ఇద్దరు మనుషులు, తక్కువ సామానుతో వెళ్తేనే ఆ మాట నిజమవుతుంది.

త్రీ-క్వార్టర్-టన్‌లో ఒక చిక్కుంది. చాలా బండ్ల జీవీడబ్ల్యూఆర్ 10,000 పౌన్ల దగ్గరే ఆగిపోతుంది. అక్కడ ట్రక్కుల వర్గం మారుతుంది: 10,001 నుంచి క్లాస్ 3. ఆ గీత దాటితే కొన్ని నియమాలూ ఫీజులూ మారతాయి కాబట్టి కంపెనీలు గీత లోపలే ఉంచుతాయి. ఇప్పుడు డీజిల్ ఇంజిన్, నాలుగు తలుపులు, ఫోర్ వీల్ డ్రైవ్‌తో బండే 7,600 పౌన్లు ఉందనుకోండి. మిగిలేది 2,400. అదే బండి పెట్రోలు ఇంజిన్‌తో 7,000 ఉంటే 3,000 మిగులుతుంది. డీజిల్ ఇంజిన్ బలం ఎక్కువే, కానీ తన బరువుని తనే మన పేలోడ్‌లోంచి తీసేసుకుంటుంది. రెండింటిలో ఏదీ 4,325కి సరిపోదు.

ఇక వన్-టన్. బాబాయ్ చూసిన బండి పెట్రోలుది, ఎనిమిది అడుగుల బెడ్. ఖాళీ బరువు 7,200, జీవీడబ్ల్యూఆర్ 11,500. మోయగలిగేది 4,300. మనకి కావాల్సింది 4,325.

25 పౌన్లు తక్కువ! నాన్నమ్మ లేకపోతే సరిపోతుంది, ఉంటే సరిపోదు. ఎవరి కోసం ఈ బండి కొంటున్నారో ఆ మనిషే లెక్కలో మిగిలిపోతోంది.

6. ఇరుసు మాట వినాలి

యాక్సిల్‌కి ‘ఇరుసు’ అనే మాట నాకు ఎద్దుబండి గురించి నాన్నమ్మ చెప్తుంటేనే తెలిసింది. ఈ భాగం ఆవిడకి నాకన్నా బాగా తెలుసు కూడా. బండిలో గడ్డి వెనక్కి ఎక్కువ వేస్తే కాడి పైకి లేచి ఎద్దులకి పట్టు తప్పుతుంది. ముందుకి ఎక్కువ వేస్తే ఎద్దుల మెడలు విరుగుతాయి. బరువు ఇరుసు మీద, కొంచెం ముందుకి మొగ్గి ఉండాలి.

ట్రక్ కేంపర్‌కి కూడా ఇదే సూత్రం. గురుత్వ కేంద్రం వెనక ఇరుసుకి కొంచెం ముందు ఉండాలి. కేంపర్ పక్క గోడ మీద కంపెనీ దాన్ని గుర్తు పెట్టి చూపిస్తుంది. ఫిజిక్స్‌లో మనం చేసిన తరాజు లెక్కే:

ముందు ఇరుసు వాటా = బరువు × ఇరుసు నుంచి దూరం ÷ రెండు ఇరుసుల మధ్య దూరం

ఈ ట్రక్కులో రెండు ఇరుసుల మధ్య 176 అంగుళాలు. 3,725 పౌన్ల కేంపర్ గురుత్వ కేంద్రం వెనక ఇరుసుకి 4 అంగుళాలు ముందుందనుకుందాం. ముందు ఇరుసుకి వెళ్లేది 85 పౌన్లే. మిగతా 3,640 వెనక ఇరుసు మీదే. అంటే కేంపర్ దాదాపు మొత్తం వెనక ఇరుసు మీదే కూర్చుంటుంది. అదే గురుత్వ కేంద్రం ఇరుసుకి 10 అంగుళాలు వెనక్కి పడితే వెనక 3,937 అవుతుంది, ముందు ఇరుసు నుంచి 212 పౌన్లు లేచిపోతాయి. స్టీరింగ్ తిప్పేది ముందు చక్రాలే, బ్రేకుల పనిలో పెద్ద వాటా కూడా వాటిదే. అవి తేలికైపోతే ఏమవుతుందో ఊహించుకోండి.

బాబాయ్ చూసిన వన్-టన్‌కి వెనక ఇరుసు హద్దు 7,000, ముందు ఇరుసు హద్దు 5,600. ఖాళీ బండిలో వెనక 2,900, ముందు 4,300. మనుషుల 600 పౌన్లలో వెనక్కి 270, ముందుకి 330 వేసుకుందాం.

వెనక: 2,900 + 3,640 + 270 = 6,810. మిగులు 190.
ముందు: 4,300 + 85 + 330 = 4,715. మిగులు 885.
మొత్తం: 11,525. మిగులు మైనస్ 25.

మన భాషలో చెప్పాలంటే అసలు జవాబు ఈ మూడింటి సగటు కాదు, కనిష్ఠం. ముందు ఇరుసులో 885 మిగిలింది కదా అని దాన్ని మిగతా చోట వాడుకోలేం.

ఇప్పుడు పిల్లల సైకిళ్లు, చిన్న జనరేటర్ కలిపి 150 పౌన్లు కేంపర్ వెనక స్టాండుకి తగిలిద్దాం. అది ఇరుసుకి 72 అంగుళాలు వెనక. వెనక ఇరుసు మీద పడేది 150 కాదు, 150 × (1 + 72 ÷ 176), అంటే 211. ముందు 61 లేస్తుంది. వెనక ఇరుసు 7,021కి చేరి తన హద్దు కూడా దాటేసింది. అందుకే వెనక వేలాడదీసే ప్రతి వస్తువూ తన బరువు కన్నా ఎక్కువ బరువు.

7. టైర్లు, జంట చక్రాలు

ఇరుసు హద్దులో ఉంటే చాలదు. టైరు పక్కన సైజు తర్వాత ఉండే నంబరు లోడ్ ఇండెక్స్. ఉదాహరణకి 125 అంటే ఆ టైరు, చెప్పినంత గాలి పూర్తిగా ఉంటే, 1,650 కిలోలు మోస్తుంది. వెనక రెండు టైర్లు కలిపి 3,300 కిలోలు, దాదాపు 7,275 పౌన్లు. ఇవి ఎల్‌టీ అని రాసి ఉండే లైట్ ట్రక్ టైర్లు. కారు రకం టైర్లున్న ట్రక్కు మీద కేంపర్ గురించి ఆలోచించనే కూడదు. గాలి తగ్గితే మోసే శక్తి తగ్గుతుంది, టైరు వేడెక్కుతుంది, వేడెక్కిన టైరే పేలుతుంది.

వన్-టన్‌లో వెనక రెండు పక్కలా జంట చక్రాలుండే రకాన్ని డ్యూయలీ అంటారు. మన లారీల్లాగే వెనక నాలుగు టైర్లు. జంటగా ఉన్నప్పుడు ఒక్కో టైరు హద్దు కొంచెం తగ్గుతుంది. ఇండెక్స్ 117 అయితే 1,285 కిలోలు. నాలుగు కలిపితే 5,140 కిలోలు. పెద్ద కేంపర్‌కి డ్యూయలీనే సరైనది. పక్కకి ఊగడం తక్కువ, ఒక టైరు పోయినా పక్కది ఉంటుంది. కష్టాలూ ఉన్నాయి: వెనక వెడల్పు దాదాపు ఎనిమిది అడుగులు, పార్కింగ్ కష్టం, కొనాల్సిన టైర్లు ఆరు. రోజూ ఆఫీసుకి అదే బండిలో వెళ్లాల్సిన బాబాయ్‌కి ఇది చిన్న విషయం కాదు.

8. కొలతలు, బిగింపు, ‘స్ప్రింగులు వేయిస్తే సరి’

బెడ్ పొడవులు సుమారుగా మూడు: ఐదున్నర, ఆరున్నర, ఎనిమిది అడుగులు. పొడవు బెడ్ కోసం చేసిన కేంపర్‌ని పొట్టి బెడ్‌లో పెడితే గురుత్వ కేంద్రం వెనక్కి పోతుంది. అదెందుకు ప్రమాదమో పైన చూశాం. కేంపర్ పెట్టినప్పుడు మామూలుగా వెనక తలుపు తీసేస్తారు. రివర్స్ కెమెరా ఆ తలుపులోనే ఉంటే అదీ పోతుంది, వేరే కెమెరా పెట్టుకోవాలి. క్యాబిన్ పైకప్పుకీ మంచం భాగానికీ మధ్య ఖాళీ ఉందో లేదో కొలవాలి. ఈ కాలపు ట్రక్కులు ఎత్తు పెరిగాయి కాబట్టి ఒక్కోసారి బెడ్‌లో ఎత్తు పలక వేయాల్సి వస్తుంది.

బిగింపు బెడ్ రేకుకి కాకుండా కింద ఛాసిస్‌కి పట్టేలా ఉంటే మేలు. రేకు వంగుతుంది, ఛాసిస్ వంగదు.

ఇక అందరూ చెప్పే చిట్కా: “వెనక ఎయిర్ బ్యాగులు వేయించు, అదనపు స్ప్రింగులు వేయించు, అంతా సెట్.” ఇవి బండి వెనక కుంగకుండా చూస్తాయి, ఊగడం తగ్గిస్తాయి. హద్దులోపల ఉన్న బండికి మంచివే. కానీ స్టిక్కరు నంబరుని అవి పెంచవు. బ్రేకులు అవే, ఇరుసు అదే, చక్రాల రిమ్ములూ అవే. బండి సమంగా నిలబడ్డంత మాత్రాన బరువు తగ్గదు. జ్వరం మాత్ర వేసుకుని థర్మామీటర్ చూసినట్టే.

డెన్వర్ వాళ్లకి ఇది మరీ ముఖ్యం. నగరం నుంచి పడమరకి వెళ్లే ఐ-70 హైవే 11,000 అడుగులు దాటిన ఎత్తులో ఐసెన్‌హోవర్ టన్నెల్ గుండా పోతుంది. అక్కడి నుంచి దిగేటప్పుడు మైళ్ల కొద్దీ ఆరేడు శాతం వాలు. బ్రేకులు పట్టని ట్రక్కులు ఎక్కి ఆగడానికి రోడ్డు పక్కన ప్రత్యేకంగా గులకరాళ్ల ర్యాంపులు కట్టారు. ఆ వాలులో నాన్నమ్మ వెనక సీట్లో కూర్చుని ఉంటుంది. 25 పౌన్లే కదా అనుకుంటే, తర్వాత 50 పౌన్లే కదా అనుకుంటాం. అందుకే నా షీటులో కనీసం పది శాతం మిగులు ఉండాలని ఒక నియమం పెట్టాను.

9. చివరికి కాటా

లెక్క ఎంత బాగా వేసినా అది అంచనానే. అమెరికా హైవేల మీద ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ అనే కాటాలుంటాయి. వేర్వేరు పలకలుంటాయి కాబట్టి ముందు ఇరుసు బరువు, వెనక ఇరుసు బరువు విడిగా కాగితం మీద వస్తాయి. రెండుసార్లు వేయించాలి. ఒకసారి ఫుల్ ట్యాంకుతో ఖాళీ ట్రక్కు, కేంపర్ కొనకముందే. రెండోసారి నీళ్లు, సామాను, మనుషులు అందరితో, మొదటి ట్రిప్పుకి ముందు. మొదటిది నిర్ణయానికి, రెండోది నమ్మకానికి.

10. బాబాయ్ ఏం చేశాడు?

షీటు పంపాక మూడు దారులు మిగిలాయి. డ్యూయలీ కొనడం. ప్రతిసారీ నీళ్ల ట్యాంకు సగమే నింపి 125 పౌన్లు మిగుల్చుకోవడం. లేదా చిన్న కేంపర్. రెండో దారి కాగితం మీద పాసవుతుంది, కానీ మిగులు వంద పౌన్లే. పైగా ఎవరో ఒకరు ఒకరోజు ట్యాంకు నింపేస్తారు. మొదటిది పిన్నికి నచ్చలేదు.

స్లైడ్‌ఔట్ లేని, పొడి బరువు 2,000 ఉన్న మోడల్ తీసుకుందామని ఇప్పుడు అనుకుంటున్నారు. మిగతావన్నీ అలాగే ఉంచితే మొత్తం 3,725 అవుతుంది. అదే వన్-టన్ మీద 575 పౌన్లు మిగులుతాయి, పేలోడ్‌లో 13 శాతం. వెనక ఇరుసులో 776 మిగులు. గది ఇరుకే. కానీ నాన్నమ్మ లెక్కలోకి వచ్చింది. ఆవిడకి పైన మంచం ఎక్కడం కష్టం కాబట్టి కింద బల్ల మడిచి చేసే పడక ఆవిడది. పిల్లలు పైన.

11. మీకో లెక్క

ఇద్దరు ఫ్రెండ్స్ ఒక త్రీ-క్వార్టర్-టన్ కొన్నారు. స్టిక్కరు పేలోడ్ 2,900. కేంపర్ పొడి బరువు 1,650, హంగులు 120, నీళ్లు 22 గ్యాలన్లు, గ్యాస్ సిలిండర్ 37, బిగింపులు 80, సామాను 300, ఇద్దరి బరువు 310. ఇవన్నీ ఎక్కాక వెనక ఇరుసులో ఇంకా 130 పౌన్ల మిగులు ఉంది. ఇరుసుల మధ్య దూరం 160 అంగుళాలు. ఇప్పుడు 100 పౌన్ల సైకిల్ స్టాండుని వెనక ఇరుసుకి 64 అంగుళాల వెనక తగిలించాలి. తగిలించొచ్చా?

మొత్తం బరువు కూడి “సరిపోయింది” అని ఆగిపోకండి. జవాబు క్లబ్ గ్రూపులో పెట్టండి, ఏ హద్దు దగ్గర ఆగారో కూడా రాయండి.